ఏ చట్టం కింద బోనెక్కించాలి?

యుద్ధం ఆగిన మర్నాడు – 6వ భాగం

1999 చివర్లో తూర్పు తిమోర్ మీద విమానాలు కాగితాలు జారవిడిచాయి. యుద్ధం జరిగిన చోట ఆకాశం నుంచి కాగితం రాలిందంటే, లొంగిపొమ్మనో ఊరు ఖాళీ చెయ్యమనో బెదిరింపు అయి ఉంటుంది. ఈ కాగితాల్లో ఉన్నది వేరు. మీలో లా చదువుకున్నవాళ్లెవరైనా ఉంటే వచ్చి కలవండి అని ఒక పిలుపు. ఊళ్లు కాలిపోయి, జనం కొండలెక్కి, తంతి తపాలా అన్నీ తెగిపోయిన దేశంలో కబురు చేరవేయడానికి అంతర్జాతీయ సేనలకు తోచిన దారి అది. వారం తిరిగేసరికి 17 మంది వచ్చారు. రెండు నెలల్లో 60 మంది దాటారు. వాళ్లలో ఒక్కరు కూడా అంతకుముందు న్యాయమూర్తిగా గానీ ప్రాసిక్యూటర్‌గా గానీ పనిచేసినవాళ్లు కారు. పనిచేసినవాళ్లంతా ఇండోనేషియన్లు, వాళ్లు సరిహద్దు దాటి వెళ్లిపోయారు.

2000 జనవరి 7న రాజధాని దిలీలో ఆ వచ్చినవాళ్లలోంచి 8 మందిని న్యాయమూర్తులుగా, ఇద్దరిని ప్రాసిక్యూటర్లుగా నియమించారు. కోర్టు భవనం అప్పటికి మసిబారిన గోడలుగా మిగిలింది. బల్లలు, కుర్చీలు, రిజిస్టర్లు, చట్టాల పుస్తకాలు కొన్ని కాలిపోయాయి, కొన్ని ఎవరో ఎత్తుకుపోయారు. అంతర్జాతీయ సేనలు పట్టుకున్న నిందితులు మాత్రం అప్పటికే నిర్బంధంలో ఉన్నారు. వాళ్ల ముందూ ఈ కొత్త న్యాయమూర్తుల ముందూ నిలబడ్డ మొదటి ప్రశ్నే ఈ భాగానికి పేరు.

గత భాగంలో బోస్నియా గురించి చెప్పుకున్నాం. అక్కడ దేశ రాజ్యాంగమే శాంతి ఒప్పందానికి నాలుగో అనుబంధంగా పుట్టింది. యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక అందులో నేరుగా చట్టమై కూర్చుంది. ఎన్ని లోపాలున్నా అక్కడ కోర్టులున్నాయి, వాటిని నడిపే మనుషులున్నారు. తిమోర్‌లో అంతర్జాతీయ చట్టం గుమ్మం దాకా వచ్చి నిలబడితే, లోపల దీపం పెట్టే మనిషి లేడు.

కథ కొంచెం వెనక్కి వెళ్లాలి. తిమోర్ దీవి తూర్పు సగాన్ని పోర్చుగల్ శతాబ్దాల పాటు ఏలింది. 1974లో లిస్బన్‌లో నియంతృత్వం కూలాక వలసలు విడిపోవడం మొదలైంది. 1975 నవంబరు 28న తిమోరీయులు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. పది రోజులు తిరగకుండానే, డిసెంబరు 7న, ఇండోనేషియా సైన్యం దిలీలో దిగింది. మరుసటి ఏడాది ఆ భూమిని తన 27వ రాష్ట్రంగా చెప్పుకుంది. ఐక్యరాజ్యసమితి ఆ విలీనాన్ని ఏనాడూ గుర్తించలేదు. సమితి లెక్కల్లో తూర్పు తిమోర్ చివరిదాకా పోర్చుగల్ పాలనాధికారం కింద ఉన్న భూభాగమే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అప్పట్లో అది కాగితాల మీద మాటగానే కనిపించింది గానీ, దశాబ్దాల తర్వాత ఒక కోర్టు హాలును అదే కుదిపేసింది.

ఇండోనేషియా ఆక్రమణ సాగిన 24 ఏళ్లలో ఎంతమంది పోయారు? తర్వాత ఏర్పడిన సత్య కమిషన్ లెక్క కట్టి, ఘర్షణ కారణంగా జరిగిన మరణాలు కనీసం 1,02,800 అని తేల్చింది. వాటిలో ఎక్కువ ఆకలి చావులు, రోగాల చావులు. 1999లో మొత్తం జనాభాయే సుమారు 8 లక్షలు. అంటే ఏ ఇంటి గడప ఎక్కినా ఒక చావు కబురు ఉంటుంది.

1999 ఆగస్టు 30న సమితి ఆధ్వర్యంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఓటు హక్కున్నవాళ్లలో 98 శాతానికి పైగా వచ్చి ఓటేశారు, 78.5 శాతం విడిపోతామన్నారు. ఫలితం వెలువడగానే ఇండోనేషియా సైన్యం పెంచి పోషించిన మిలీషియా ముఠాలు ఊళ్ల మీద పడ్డాయి. రెండున్నర లక్షల మందిని పశ్చిమ తిమోర్‌కు తరిమారు లేదా తరలించారు. ఆ ఏడాది మొత్తంలో 1,400 మంది దాకా హతమయ్యారు. సెప్టెంబరు 20న ఆస్ట్రేలియా నాయకత్వంలో సేనలు దిగాయి. అక్టోబరు 25న భద్రతా మండలి 1272వ తీర్మానంతో ఒక దేశం మొత్తాన్ని, పాలన, శాసనం, న్యాయం మూడింటినీ కలిపి, సమితి చేతిలో పెట్టింది. ఆ పాలనకు అధిపతిగా వచ్చినవాడు బ్రెజిల్‌కు చెందిన సెర్జియో వియెరా డి మెల్లో.

ఆయన సంతకంతో వచ్చిన మొదటి శాసనం 1999/1. అందులో మన కథకు కావలసింది చిన్న భాగం. 1999 అక్టోబరు 25కు ముందు తూర్పు తిమోర్‌లో అమలైన చట్టాలే ఇకమీదటా అమలవుతాయి. అయితే అవి అంతర్జాతీయ మానవ హక్కుల ప్రమాణాలకు విరుద్ధంగా ఉండకూడదు. ఆ ప్రమాణాలేమిటో పేర్లు కూడా రాశారు: విశ్వ మానవ హక్కుల ప్రకటన, పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక, చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక, మహిళలపై వివక్షను రూపుమాపే ఒడంబడిక, బాలల హక్కుల ఒడంబడిక మొదలైనవి. ఇండోనేషియా చట్టాల్లోని మరణశిక్షను అదే శాసనం రద్దు చేసింది.

వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. పాత చట్టాన్ని ఉంచండి, అందులో అన్యాయమైనది తీసేయండి. కానీ ఆ తీసేసే పని ఎవరిది? ఇండోనేషియా శిక్షాస్మృతిలో ఏ సెక్షన్ పౌర హక్కుల ఒడంబడికలోని ఏ అధికరణానికి అడ్డొస్తుందో జాబితా ఎవరూ ఇవ్వలేదు. నిన్నటిదాకా కోర్టు బోను ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడని పాతికేళ్ల కుర్రవాడు ఇవాళ న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా రిమాండు పొడిగించమని పోలీసు కాగితం. పక్కన ఇండోనేషియా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. అతనికి తెలిసిన భాషలో అతనికి అందిన పుస్తకం అదొక్కటే. ఒడంబడికలు ఇంగ్లిషులో, సమితి శాసనాలు ఇంగ్లిషులో. ఎంత గొప్ప హక్కయినా చేతికి అందని భాషలో ఉంటే న్యాయమూర్తి దాన్ని తీర్పులోకి ఎలా తెస్తాడు?

కొసావోలో అంతకు కొద్ది నెలల ముందే సమితి ఇదే పని చేసి చేయి కాల్చుకుంది. సెర్బియా చట్టమే కొనసాగుతుందంటే అల్బేనియన్ న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. మమ్మల్ని తొక్కిపెట్టిన చట్టంతో మేం తీర్పులివ్వం అన్నారు. 1999 డిసెంబరులో సమితి దిగివచ్చి 1989 నాటి చట్టానికి మళ్లింది. తిమోరీయులు మొదట్లో అలాంటి పేచీ పెట్టలేదు. వాళ్లకు వచ్చిన చట్టం ఇండోనేషియాదే, చదివింది దాన్నే. పేచీ తర్వాత వచ్చింది, వేరే వైపు నుంచి వచ్చింది.

2000 జూన్‌లో సమితి పాలన ఇంకో అడుగు వేసింది. 2000/15 శాసనంతో దిలీ జిల్లా కోర్టులోనే ప్రత్యేక ధర్మాసనాలు పెట్టింది. జాతి సంహారం, యుద్ధ నేరాలు, మానవాళిపై నేరాలు, 1999 నాటి హత్యలు, అత్యాచారాలు, చిత్రహింసలు వీటి పరిధి. నేరాల నిర్వచనాలను అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పునాది అయిన రోమ్ శాసనం నుంచి దాదాపు ఉన్నదున్నట్టు దించుకున్నారు. హేగ్‌లో ఆ కోర్టు పుట్టడానికి ఇంకా రెండేళ్లుంది. అంటే హేగ్‌లో ఎవరూ వాడకముందే ఆ నిర్వచనాలు ఈ చిన్న దీవి జిల్లా కోర్టులో అమల్లోకి వచ్చాయి. ఒక్కో ధర్మాసనంలో ఇద్దరు విదేశీ న్యాయమూర్తులు, ఒక తిమోరీ న్యాయమూర్తి. మానవాళిపై నేరాల్లో వీళ్ల మొదటి పెద్ద కేసు లోస్ పలోస్ కేసు.

1999 సెప్టెంబరు 25. అంతర్జాతీయ సేనలు దిలీలో దిగి ఐదు రోజులైంది. తూర్పున, లోస్ పలోస్ ఉన్న లౌతెం జిల్లాలో, చర్చి మనుషులతో వెళ్తున్న ఒక బండిని టీమ్ ఆల్ఫా అనే మిలీషియా ఒక నది దగ్గర అటకాయించింది. ఇద్దరు సన్యాసినులు, ఒక ఇండోనేషియా జర్నలిస్టు సహా 9 మందిని చంపింది. రెండేళ్ల తర్వాత బోనులో 10 మంది నిలబడ్డారు. కోర్టులో నాలుగు భాషలు: ఇంగ్లిషు, పోర్చుగీసు, ఇండోనేషియన్, తెతుం. సాక్షులు మాట్లాడేది వీటిలో ఏదీ కాక ఫతలుకు అయితే, ఆ మాట ఒక దుబాసీ నుంచి ఇంకో దుబాసీకి చేతులు మారి న్యాయమూర్తి చెవిన పడాలి. ఒక తల్లి తన కొడుకు ఎలా చనిపోయాడో చెబుతుంటే, ఆ వాక్యం మూడు గొంతులు దాటి వచ్చేసరికి దానిలో ఏం మిగులుతుంది? నాకు ఈ కేసు గురించి చదివినప్పుడల్లా ముందు ఈ సంగతే మనసును పట్టుకుంటుంది.

2001 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. పదిమందికీ శిక్షలు పడ్డాయి. ముఠా నాయకుడు జోనీ మార్కెస్‌తో సహా ముగ్గురికి 33 ఏళ్ల 4 నెలలు. అభియోగపత్రంలో పదకొండో పేరు కూడా ఉంది. అతను ఇండోనేషియా ప్రత్యేక దళాల అధికారి. అతను రాలేదు, అతన్ని ఎవరూ పంపలేదు.

నిందితుల పక్షం ఎలా ఉండేదో కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. ప్రత్యేక ధర్మాసనాల ముందు జరిగిన తొలి 14 విచారణల్లో నిందితుల తరఫున ఒక్క సాక్షిని కూడా పిలవలేదు. వకీళ్లు అనుభవం లేనివాళ్లు, సాక్షులు పశ్చిమ తిమోర్ శిబిరాల్లో ఉన్నవాళ్లు, వాళ్లను వెతికి తెచ్చే వాహనం గానీ డబ్బు గానీ లేదు. ఒడంబడికలో ఉన్న న్యాయవిచారణ హక్కు బాధితులదే కాదు, బోనులో నిలబడ్డవాడిది కూడా. అక్షరం చదవడం రాని రైతును మిలీషియాలోకి లాగి కత్తి చేతికిచ్చినవాడు అవతల ఉండిపోతే, ఇవతల దొరికిన ఆ రైతుకు సరైన వకీలు కూడా దొరకలేదు.

2002 మే 20న దేశం స్వతంత్రమైంది. కొత్త రాజ్యాంగం 9వ సెక్షన్ అంతర్జాతీయ చట్టానికి తలుపులు బార్లా తెరిచింది. అంతర్జాతీయ చట్టంలోని సాధారణ సూత్రాలు, ఆచార సూత్రాలు దేశ చట్టంలో భాగం. ఆమోదించి, గెజిట్‌లో ప్రచురించిన ఒప్పందాలు నేరుగా వర్తిస్తాయి. వాటికి విరుద్ధమైన చట్టం చెల్లదు. మన రాజ్యాంగం 51వ అధికరణంలో అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించాలని రాజ్యానికి చెబుతుంది తప్ప, ఒప్పందాన్ని తీసుకొచ్చి నేరుగా కోర్టులో పెట్టనివ్వదు. పార్లమెంటు చట్టం చేయాలి. తిమోర్ ఆ మధ్య మెట్టును తీసేసింది. ఆ దేశం కళ్లారా చూసిన 24 ఏళ్లు తలచుకుంటే ఎందుకో అర్థమవుతుంది. తనను మింగేసిన రోజుల్లో తనవైపు నిలిచిన ఒకే ఒక్క చట్టం అంతర్జాతీయ చట్టం.

ఏడాది గడిచింది. 2003 జులై 15న అప్పీలు కోర్టు అర్మాందో దోస్ సాంతోస్ కేసులో తీర్పిచ్చింది. అతను లికిసా ప్రాంతపు మిలీషియా మనిషి. ప్రత్యేక ధర్మాసనం అతనికి మానవాళిపై నేరాల కింద శిక్ష వేసింది. అప్పీలుకు కూర్చున్న ముగ్గురు: కోర్టు అధ్యక్షుడు క్లౌదియో షిమెనెస్, ఒక పోర్చుగీసు న్యాయమూర్తి, తిమోరీ న్యాయమూర్తి జసింతా కొరెయా ద కోస్తా. షిమెనెస్ తిమోర్‌లో పుట్టినవాడే అయినా న్యాయమూర్తిగా పనిచేసింది పోర్చుగల్‌లో.

మెజారిటీ తర్కం ఇలా సాగింది. ఇండోనేషియా ఆక్రమణ అంతర్జాతీయ చట్టం ప్రకారం అక్రమం. భద్రతా మండలి చెప్పింది, సర్వప్రతినిధి సభ చెప్పింది. అక్రమంగా వచ్చినవాడి చట్టం ఈ గడ్డ మీద చెల్లుబాటయ్యే చట్టం ఎన్నడూ కాలేదు. కాబట్టి 'అమల్లో ఉన్న చట్టం' అంటే ఇండోనేషియాది కాదు, పోర్చుగల్‌ది. అంతేకాదు, 1999లో జరిగిన నేరానికి 2000లో వచ్చిన శాసనాన్ని వర్తింపజేయడం వెనుక తేదీతో శిక్షించడమే, రాజ్యాంగం దానికి ఒప్పుకోదు. అలా రోమ్ శాసనం నుంచి దించుకున్న నిర్వచనాలను పక్కకు నెట్టి, పోర్చుగీసు శిక్షాస్మృతి కింద, ప్రాసిక్యూషన్ మోపని జాతి సంహారం నేరానికి అతన్ని దోషిగా తేల్చారు. జసింతా కొరెయా ద కోస్తా ఒప్పుకోలేదు. భిన్న తీర్పు రాసింది.

ఈ తీర్పు దిలీలో ఎంత కలవరం తెచ్చిందో ఊహించండి. జిల్లాల్లో కూర్చున్న న్యాయమూర్తులకు పోర్చుగీసు చట్టం తెలియదు, చాలామందికి ఆ భాషే రాదు. అప్పటిదాకా నడిచిన పెళ్లి కేసులు, అప్పు కేసులు, దొంగతనం కేసులు, అన్నిటి కింద నేల కదిలింది. తొమ్మిది రోజులకు, జులై 24న, ప్రత్యేక ధర్మాసనం ఇంకో కేసులో, పై కోర్టు మాటను మేం అనుసరించలేం అని తేల్చి చెప్పింది. ఒకే భవనంలో మేడ మీద ఒక చట్టం, కింద ఒక చట్టం అన్నట్టయింది. చివరికి ఆ డిసెంబరులో పార్లమెంటు 10/2003 చట్టం చేసి, మనం వాడుతూ వచ్చిన పాత చట్టమంటే ఇండోనేషియా చట్టమే అని స్పష్టం చేశాక గొడవ సద్దుమణిగింది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. ఆ మెజారిటీ తీర్పును పండితులు చాలామంది తీసిపారేశారు. ఫలితం చూస్తే నేనూ వాళ్లతోనే ఉంటాను. ఆక్రమణ అక్రమమైనంత మాత్రాన దాని కింద బతికిన జనం రాసుకున్న దస్తావేజులు, చేసుకున్న పెళ్లిళ్లు అబద్ధమైపోవు. అంతర్జాతీయ చట్టం కూడా ఆ మాటే అంటుంది. కానీ ఆ తీర్పు వెనకున్న గాయం అబద్ధం కాదు. మమ్మల్ని చంపినవాళ్ల చట్టం మా చట్టమెలా అవుతుందన్న ప్రశ్న ఒక న్యాయమూర్తి నోట వచ్చిందంటే అది పాండిత్యం నుంచి మాత్రమే రాలేదు.

మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. గోవాలో 1961లో పోర్చుగీసు జెండా దిగింది, పోర్చుగీసు సివిల్ కోడ్ దిగలేదు. పెళ్లి, దంపతుల ఆస్తి విషయాల్లో ఇవాళ్టికీ అదే నడుస్తోంది. మన యానాం ఉన్న పుదుచ్చేరి ప్రాంతంలో, ఫ్రెంచి కాలంలో తమ సొంత ఆచార చట్టాన్ని వదులుకున్న కుటుంబాల వారసులకు ఫ్రెంచి సివిల్ కోడ్ ఇంకా వర్తిస్తుంది. పాలకుడు వెళ్లిపోయినా చట్టం ఇళ్లలో ఉండిపోతుంది. తిమోర్‌కు గోవాతో బంధుత్వం కూడా ఉంది. 1844 దాకా ఆ దీవి పాలన గోవా నుంచే సాగేది. అయితే గోవాలో గానీ యానాంలో గానీ ఆ చట్టంతో పాటు హత్యాకాండ జ్ఞాపకం అంటుకుని లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

కోర్టులకు అవతల ఇంకో చోట న్యాయం జరిగింది. 2001 జులైలో సమితి పాలన 2001/10 శాసనంతో సత్య, సయోధ్య కమిషన్‌ను పెట్టింది. ఆ కమిషన్ ఇండోనేషియా కాలంలో రాజకీయ ఖైదీలను పెట్టిన దిలీలోని బలిదె జైలును బాగుచేసి కార్యాలయంగా వాడుకుంది. ఇల్లు తగలబెట్టడం, పశువులను తోలుకుపోవడం, కొట్టడం వంటి నేరాలు చేసినవాడు ముందు తన వాంగ్మూలం ఇవ్వాలి. అది ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్తుంది. హత్యో అత్యాచారమో ఉంటే కోర్టుకే. లేకపోతే ఊళ్లో పంచాయితీ.

ఊరి మధ్య పెద్ద చాప పరుస్తారు. తెతుంలో దాన్ని 'నహె బితి' అంటారు, అంటే చాప పరవడం అనే. ఆ చాప మీద 'లియా నాయిన్' కూర్చుంటారు. ఆ పేరుకు అర్థం మాటకు యజమానులు, అంటే ఊరి పరంపర మాటను నోట దాచుకున్న పెద్దలు. తమలపాకు, వక్క నములుతారు. మనకు తాంబూలంతో మాట ఖాయమైనట్టే వాళ్లకూ ఆకువక్కతోనే మాట మొదలవుతుంది. తప్పు చేసినవాడు అందరి ముందూ నిలబడి చేసింది చెప్పాలి. ఇల్లు కాలినవాడు ఎదురుగా కూర్చుని అడుగుతాడు: నీకు ఎవరు చెప్పారు, నా ఇల్లే ఎందుకు? వ్యవహారం తెగేదాకా చాప చుట్టరు. చివరికి ఇల్లు కట్టడంలో చేయి వేయాలనో, చర్చి ముందు ఊడవాలనో, క్షమాపణ చెప్పాలనో తేలుతుంది. ఆ ఒప్పందం జిల్లా కోర్టుకు వెళ్లి, కోర్టు ఆదేశమై తిరిగి వస్తుంది. ఇలా 1,371 మంది తమ ఊళ్లలోకి మళ్లీ అడుగుపెట్టారు. సమితి శాసనం, జిల్లా కోర్టు ముద్ర, ఊరి చాప, మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడిన చోటు ఇదొక్కటే నాకు కనిపించింది.

కానీ పెద్ద నేరాలు చాప మీదికి రావు. వాటి కోసం పెట్టిన ప్రత్యేక ధర్మాసనాలు 2005 మేలో మూతపడ్డాయి. అప్పటికి 391 మంది మీద అభియోగాలు, 87 మంది విచారణ, 84 మందికి శిక్ష. విచారణకు దొరకని 300 మందికి పైగా ఇండోనేషియాలోనే ఉండిపోయారు. వాళ్లలో 1999లో ఆ దేశ రక్షణ మంత్రిగా, సేనాధిపతిగా ఉన్న జనరల్ విరాంతో ఒకడు. 2004 మే 10న న్యాయమూర్తి ఫిలిప్ రపోజా అతని మీద అరెస్టు వారెంటు జారీ చేశాడు. ఆ నెల తిరగకముందే తిమోర్ అధ్యక్షుడు షనానా గుస్మావో బాలి దీవిలో విరాంతోను కలిసి ఆలింగనం చేసుకున్నాడు. గుస్మావో ఇండోనేషియా జైల్లో ఏళ్ల తరబడి మగ్గిన గెరిల్లా నాయకుడు. ఆ ఆలింగనం పిరికితనం అనను. చిన్న దేశం, పక్కన ఇరవై రెట్లు కాదు, రెండు వందల రెట్లు జనాభా ఉన్న దేశం. సరిహద్దు వాళ్లతోనే. అయినా వారెంటు జారీ చేసిన కోర్టుకు ఆ ఫొటో చూసి ఏమనిపించి ఉంటుంది?

జకార్తా తానే ఒక ప్రత్యేక కోర్టు పెట్టింది. 18 మందిని విచారించి ఆరుగురికి శిక్ష వేసింది. 2008 నాటికి ఆరో మనిషి కూడా అప్పీళ్లలో నిర్దోషిగా బయటికి వచ్చాడు.

2009 ఆగస్టులో మాతెర్నుస్ బెరె అనే లక్సౌర్ మిలీషియా నాయకుడు సరిహద్దు దాటి తూర్పు తిమోర్‌లోని సువాయి వచ్చాడు. 1999 సెప్టెంబరు 6న సువాయి చర్చిలో ముగ్గురు ఫాదర్లను, అక్కడ తలదాచుకున్న జనాన్ని చంపిన కేసులో 2003 నుంచి అతని మీద అభియోగపత్రం ఉంది. ఊళ్లో జనం గుర్తుపట్టారు. పోలీసులు పట్టుకుని దిలీలోని బెకోరా జైలుకు పంపారు. సరిగ్గా ప్రజాభిప్రాయ సేకరణకు పదేళ్లు నిండిన రోజు, ఆగస్టు 30న, దిలీలో ఉత్సవం. ఆ ఉత్సవానికి రావలసిన ఇండోనేషియా విదేశాంగ మంత్రి, బెరెను వదిలితేనే అడుగుపెడతానన్నాడు. కోర్టు ఆదేశం లేకుండానే బెరెను జైలు నుంచి తీసి ఇండోనేషియా రాయబార కార్యాలయానికి అప్పగించారు. అక్టోబరు చివర్లో అతను దేశం దాటాడు. పార్లమెంటులో ప్రభుత్వం మీద అభిశంసన తీర్మానం వచ్చి వీగిపోయింది. 9వ సెక్షన్ ఆ రోజు కూడా రాజ్యాంగంలో ఉన్నచోటే ఉంది.

2014 అక్టోబరులో పార్లమెంటు, ప్రభుత్వం కలిసి దేశంలోని విదేశీ న్యాయమూర్తుల, ప్రాసిక్యూటర్ల కాంట్రాక్టులు రద్దు చేశాయి. ఆ వెంటనే కొందరికి 48 గంటల్లో దేశం విడిచి వెళ్లాలని ఉత్తర్వు అందింది. 1999 నాటి నేరాలను విచారించే ధర్మాసనంలో విదేశీ న్యాయమూర్తులు ఉండి తీరాలి. వాళ్లు లేక ఆ విచారణలు ఆగిపోయాయి.

సువాయిలో ప్రతి సెప్టెంబరు 6న చర్చి దగ్గర ప్రార్థన జరుగుతుంది. భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు కొవ్వొత్తులు వెలిగిస్తారు. అభియోగపత్రంలో రాసిన పేర్లు వాళ్లకు తెలుసు. బెరెను ఆ ఆగస్టులో గుర్తుపట్టింది ఆ ఊరివాళ్లే.